మూడు తరముల పేర్లు: శ్రీకాకుళ క్షేత్రయాత్రలో ఒక అనుభవము

“దర్శనము” అన్న మాటను మనము ఎంత అలవోకగా వాడుతామో తలచుకుంటే ఆశ్చర్యము కలుగుతుంది. గర్భాలయము ఎదుట అరనిమిషము నిలిచి కదలిపోయినా అది దర్శనమే. సాంఖ్యమునో వేదాంతమునో జీవితకాలము మననము చేసినా అదీ దర్శనమే. ఈ రెండింటికీ ఒకే శబ్దము ఎట్లా చెల్లినదో నాకు చాలాకాలము బోధపడలేదు. మహాలయ పక్షపు చివరి రోజులలో మా అమ్మగారితో కలిసి శ్రీకాకుళము జిల్లాలో చేసిన యాత్రలో, అదీ నలుగురి ఎదుట నేను తలవంచుకొనవలసి వచ్చిన ఒక క్షణములో, కొంత బోధపడినది. ఆ అనుభవమును సాధక మిత్రులతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

మాది శ్రీకాకుళము జిల్లాయే. నాగావళి, వంశధార నదులు ఒడిశా కొండలలో జన్మించి ఈ నేల మీదుగా ప్రవహించి బంగాళాఖాతములో కలుస్తాయి. ఆ రెండు నదుల నడుమ గ్రామములలో మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నేను చదువు ముగియగానే హైదరాబాదు చేరినవాడిని. నాన్నగారి దినచర్య పుస్తకములో చివరి పుట మీద అయిదు ఊళ్ళ పేర్లు వరుసగా వ్రాసి ఉన్నాయి: శ్రీముఖలింగము, అరసవల్లి, శ్రీకూర్మము, శాలిహుండము, తేలినీలాపురము. ఆ వరుసకు పైన “అబ్బాయితో” అని ఒక్క మాట. ఆ ఊళ్ళన్నీ ఆయన ఎన్నోసార్లు చూచినవే. నాతో కలిసి చూడాలన్నది ఆయన కోరిక.

ప్రతి సెలవులకూ అడిగేవారు. “వచ్చే ఏడాది తప్పక వెళదాము నాన్నగారూ” అనేవాడిని. ఆయన “సరే” అని ఊరుకునేవారు. ఆ సంవత్సరములలోనే నేను కాశీ వెళ్ళాను, రామేశ్వరము వెళ్ళాను, కేదారము కూడ వెళ్ళాను. ఇంటి ముంగిట ఉన్న క్షేత్రములు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. అవి ఎక్కడికీ పోలేదు. నాన్నగారు వెళ్ళిపోయారు.

ఆయన పరమపదించిన రెండేళ్ళకు ఆ పుస్తకము నా చేతికి వచ్చినది. ఆ ఏడు మహాలయ అమావాస్య అక్టోబరు తొలి దినములలో పడినది. “శ్రీకూర్మములో పిండప్రదానము చేద్దువు గాని రా నాయనా. దారిలో మిగిలినవీ చూడవచ్చు” అని అమ్మ కబురు చేసినది.

మొదట శ్రీముఖలింగము వెళ్ళాము. వంశధార ఎడమ గట్టున ఉన్న ఈ చిన్న గ్రామమే తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులలో అధికులు గుర్తించారు. 1078లో పట్టాభిషిక్తుడై, అనంతర కాలములో పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు ఉపక్రమించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశమువాడే. నేడు అక్కడ రాజసౌధము లేదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు ఉన్నాయి. చుట్టూ వరిచేలు ఉన్నాయి. మధుకము అనగా ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలే లింగమై వెలసినదని స్థలపురాణము చెబుతుంది. ఆ గాథలో కొండలలోని సవరలకు కూడ భాగమున్నది. ద్వారబంధముల మీద లతలు, వాటి వంపులలో చిన్న చిన్న మూర్తులు, శిలను మరపించే సౌకుమార్యముతో ఉన్నాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించినది ఈ ఊరి చెంతనే ఉన్న పర్వతాలపేటలో. ఇక్కడి గోడల మీద ఉన్న శాసనములను చూచి, ఆ ప్రాచీన లిపిని ఆయన స్వయంకృషితో నేర్చుకున్నారు. వ్యావహారిక భాషకు సారథ్యము వహించిన ఆ మహనీయుడే సవర భాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చారు. నాన్నగారికి ఆయన ఆరాధ్యుడు. “గోడ అందరికీ కనిపించినది; పంతులుగారికి మాత్రము అది మాట్లాడినది” అని తరచు అనేవారు.

యాత్రకు ముందు నేను పుస్తకములు తిరగవేసి వచ్చాను. ప్రాకారములో తిరుగుతూ రాజుల వరుస, శిఖర శైలి, కాలనిర్ణయములోని వివాదములు అన్నీ అమ్మకు వివరించాను. అడుగడుగునా ఛాయాచిత్రములు తీశాను. అమ్మ అంతా విన్నది. చివరకు నంది పక్కన కూర్చుని, “ఇవన్నీ మీ నాన్నగారి ఎదుట చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవారో” అన్నది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందువలననే నేను బదులు పలకలేకపోయాను.

మరునాడు చీకటి ఉండగానే అరసవల్లి చేరాము. ఏటా మార్చి రెండవ వారములోను, అక్టోబరు తొలి దినములలోను సూర్యోదయ వేళ లేతకిరణములు ద్వారములను దాటి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదములను స్పృశిస్తాయి. నిర్మాతలు ఉత్తరాయణ దక్షిణాయనముల గతిని ఎంత సూక్ష్మముగా లెక్కించారో ఆ కొద్ది నిమిషములే సాక్ష్యము. ఆ దృశ్యము కొరకు వేలాదిమంది రాత్రినుండే బారులు తీరుతారు. మేమూ నిలిచాము. నేను క్షణక్షణము గడియారము చూచుకుంటున్నాను.

ఆ ఉదయము తూర్పున మబ్బు కమ్మినది. ఘడియలు గడచినవి గాని కిరణము రాలేదు. వరుసలో నిట్టూర్పులు వినిపించాయి. స్వామిని సేవించి బయటకు వచ్చి ఇంద్రపుష్కరిణి వైపు నడుస్తూ, “ఇంత దూరము వచ్చి చూడలేకపోయాము” అన్నాను.

అమ్మ ఆగి నా ముఖములోకి చూచినది. “తెల్లవారింది కదా నాయనా. ఆయన రాకుండానే వెలుగు వచ్చిందా?” అన్నది.

అప్పటికి ఆ మాటను అమ్మ అమాయకత్వముగా తీసుకున్నాను. నా దిగులు నాదిగానే ఉన్నది.

అక్కడనుండి శ్రీకూర్మము సుమారు 15 కిలోమీటర్లు. బయలుదేరే ముందు అమ్మ సంచిలోనుండి ఒక పంచె తీసి ఇచ్చినది. నాన్నగారి పొందూరు ఖద్దరు పంచె. మా జిల్లాలోని పొందూరులో ఇప్పటికీ స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, రాట్నము మీద చేతితో సన్నని నూలు వడుకుతారు. ఆ చేప దంతముల వరుసయే వారికి దువ్వెన. అంత చేయి తిరిగిన గుడ్డ గనుక ఎన్ని ఉతుకులకైనా మెత్తబడుతుందే గాని చివికిపోదు. దానిని కట్టుకుంటే నాన్నగారి పక్కన నిలిచినట్లే అనిపించినది.

శ్రీకూర్మములో స్వామి కూర్మరూపుడు, పశ్చిమాభిముఖుడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభములు ఉన్నాయి. మండపములోని నల్లరాతి స్తంభముల మీద తెలుగు శాసనములు దట్టముగా చెక్కి ఉన్నాయి. ద్వైతమతాచార్యులైన నరహరి తీర్థులవారు యోగానంద నృసింహుని ప్రతిష్ఠించిన సంగతిని చెప్పే 1281 నాటి శాసనము వాటిలోనిదే. అఖండదీపముల కొరకు దానములు చేసినవారి పేర్లు, వారి తండ్రుల పేర్లు, వారు ఎవరి పుణ్యము కొరకు దీపము నిలిపినదీ, అన్నీ శిలాక్షరములై ఉన్నాయి. ఆ పేర్లలో ఒకటి రెండు కూడబలుక్కుని చదువగలిగాను. నాలో కొంత గర్వము కలిగినదని దాచను.

అమావాస్య గనుక శ్వేతపుష్కరిణి మెట్ల మీద జనసమ్మర్దముగా ఉన్నది. ఒడ్డున పదిమంది కర్తలు వరుసగా కూర్చున్నాము. నువ్వులు, దర్భలు, అన్నపు ముద్దలు ఎదుట ఉన్నాయి. పురోహితులవారు సంకల్పము చెప్పించి, ఒక్కొక్కరి గోత్రనామములు అడుగుతూ వచ్చారు.

మన సంప్రదాయములో తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. తండ్రి పేరు చెప్పాను. తాతగారి పేరు చెప్పాను. “ఆదిత్యరూపులైన ప్రపితామహుల నామధేయము?” అని అడిగారు.

నాకు తెలియదు.

నిన్నటి దినము గంగరాజుల వరుసను తడుముకోకుండ చెప్పినవాడిని. ఎనిమిది వందల ఏళ్ళనాటి దాతల పేర్లను గంట క్రితము స్తంభము మీద చదివినవాడిని. ఇంటిలో మూడు మెట్లు దిగేసరికి నాకు చీకటి. పక్కన ఉన్న కర్తలు నా వైపు చూచారు. పురోహితులవారు దయగలవారు. “తెలియకపోతే విష్ణునామము చెప్పుకుందాము బాబూ, తప్పు లేదు” అన్నారు. నేను తలవంచుకున్నాను.

అప్పుడు పై మెట్టు మీదనుండి అమ్మ గొంతు వినిపించినది. అత్తవారింటి పెద్దల పేర్లను నోటితో పలుకని కాలపు మనిషి ఆమె. కొంగు నోటికి అడ్డము పెట్టుకుని, అయినా స్పష్టముగా, మా ముత్తాతగారి పేరు చెప్పినది. నేను ఆ పేరును తిరిగి పలికి నువ్వులు, నీళ్ళు విడిచాను.

“నీకెట్లా తెలుసమ్మా?” అని తరువాత అడిగాను. ఆమె ఆయనను చూచినది కూడ కాదు. “ప్రతి అమావాస్యకూ మీ నాన్నగారు తర్పణము విడిచేటప్పుడు నీళ్ళచెంబు అందించినదానిని కదా. నలభై ఏళ్ళు విన్నాను. నువ్వూ ఆ వేళకు పక్క గదిలోనే ఉండేవాడివి” అన్నది.

ఉదయము ఆదిత్యుడు మబ్బు చాటున ఉన్నాడని బాధపడినవాడిని. నా వంశములో ఆదిత్యస్థానమున ఉన్నవానికి మబ్బుగా నిలిచినది నేనేనని అప్పుడు తెలిసినది. ఆయన వెలుగు మాత్రము ఆగలేదు. ఆయన బ్రతుకు వలన తాత, తాత వలన నాన్నగారు, ఆయన వలన నేను. తెల్లవారింది కదా అన్న అమ్మ మాట ఆ మెట్ల మీద మరల వినిపించినది.

ఆలయ ప్రాంగణములో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తారు. ఒక చిన్నవాడు చేయి చాపగానే ఒక తాబేలు తల, కాళ్ళు లోనికి ముడుచుకున్నది. గీత రెండవ అధ్యాయములో స్థితప్రజ్ఞుని లక్షణము చెబుతూ భగవానుడు ఎన్నుకున్న ఉపమానము ఇదే. ఇంద్రియములను విషయములనుండి మరల్చుట అంటే కళ్ళు మూసుకొనుట అని ఒకప్పుడు అనుకునేవాడిని. రెండు రోజులుగా నా కళ్ళు ఎంత చూచినా, చూచేవాని వైపు ఒక్కసారీ మరలలేదు. కిరణమును చూడాలన్న తహతహలో వెలుగును మరచాను; శాసనమును చదివే ఉత్సాహములో పక్క గదిలోని తర్పణమంత్రమును వినలేదు.

క్షీరసాగర మథనములో దేవదానవులకు మందరగిరి కనిపించినది, వాసుకి కనిపించినది, పుట్టిన రత్నములు కనిపించాయి. అడుగున మోసిన కూర్మము నీటిలో ఉన్నది. మోసేవాడు కనిపించకపోవుట ఆ కార్యమునకే స్వభావము. పితరులు అట్టివారు. వారికి పిండమును ఉంచే తీర్థముగా కూర్మక్షేత్రమును పెద్దలు భావించుటలో ఎంత ఔచిత్యమున్నదో నాకు ఆనాడు తోచినది.

వారసత్వమునకు సంస్కృతములో దాయమని పేరు. దాయము అనగా ఇవ్వబడునది. ఇచ్చేవాడు ఉన్నంత మాత్రమున అది దాయము కాదు. చేయి చాచి పుచ్చుకొనేవాడు ఉండాలి. ఆలయములను కాపాడుటకు పురావస్తు శాఖ ఉన్నది, దేవాదాయ శాఖ ఉన్నది. ముత్తాతగారి పేరును కాపాడినది చెంబు పట్టుకుని నిలిచిన ఒక ఇల్లాలి చెవి. ఆమె ఆనాడు రాకపోయి ఉంటే ఆ పేరు నాతోనే నీళ్ళలో కలిసేది.

సాయంకాలము శాలిహుండము కొండ ఎక్కాము. వంశధార తీరమున ఉన్న ఈ కొండ మీద బౌద్ధుల ఇటుక స్తూపములు, చైత్యములు, విహారముల పునాదులు ఉన్నాయి. 1919లో ఈ స్థలమును తొలిసారి గుర్తించినది కూడ గిడుగువారే. ఇక్కడ లభించిన విగ్రహములలో తార, మారీచి మూర్తులు ఉన్నాయి. మరీచి అనగా కిరణము. ఆ మూర్తులను కొలిచినవారి పరంపర ఈ కొండ మీద తెగిపోయినది. వారి పేర్లు పలికేవారు నేడు లేరు. కొండ దిగువన వంశధార కళింగపట్నము వద్ద సముద్రములో కలిసేందుకు సాగిపోతున్నది. నదికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, వంశము ఒక ధార అని మా జిల్లా ప్రజలు నిత్యము పలుకుతూనే ఉన్నారు. నేనూ చిన్ననాటినుండి పలికాను. అర్థము ఆ సాయంకాలము తెలిసినది. ఆ కొండ మీద నేను ఛాయాచిత్రములు తీయలేదు.

ఆ రాత్రి నాన్నగారి పుస్తకము తెరచి, అయిదు ఊళ్ళ పేర్ల క్రింద మూడు తరముల పేర్లు వ్రాశాను. నాలుగవదిగా నాన్నమ్మ, ముత్తవ్వల పేర్లు కూడ అమ్మనడిగి చేర్చాను. ఫోనులో మా అమ్మాయికి ముత్తాతగారి పేరు చెప్పి, అమె చేత రెండుసార్లు పలికించాను. “ఎందుకు నాన్నా?” అన్నది. “వచ్చాక చెబుతాను” అన్నాను. అనగానే ఉలికిపడ్డాను. వచ్చే ఏడాది అన్న నా పాత మాటకు ఇది తోబుట్టువు. వెంటనే సరిదిద్దుకుని, ఉన్నదంతా ఆమెకు అప్పుడే చెప్పాను.

వరుసలో తేలినీలాపురము మిగిలినది. అక్కడికి శీతకాలములో గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అవి వస్తే ఊరికి శుభమని గ్రామస్థులు వాటిని కాపాడుతారు. డిసెంబరు సెలవులకు అమ్మకు, అమ్మాయికి, నాకు మూడు టిక్కెట్లు తీసుకున్నాను.

మిత్రులారా, దూరక్షేత్రములకు తప్పక వెళ్ళండి. అంతకు ముందు ఒక్కసారి ఇంటిలోని పెద్దల వద్ద కూర్చుని మూడు తరముల పేర్లు అడిగి వ్రాసుకోండి. అది ఈనాడే చేయండి.

సర్వము శ్రీకూర్మనాథ చరణారవిందార్పణమస్తు.