పాండూరు దారిలో వెన్నెముక చదువు

వెన్నుపూసలను, కీళ్లను చేతులతో ఒత్తి, నెట్టి నొప్పి తగ్గించే కైరోప్రాక్టిక్ వైద్యానికి అమెరికాలో, కెనడాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో చట్టం ఉంది, డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. మన దేశంలో ఈ వైద్యానికి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. అయినా పెద్ద నగరాల్లో ఆ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. మెడ పట్టుకుని టక్కుమనిపించే వీడియోలకైతే ఫోన్లలో కొదవే లేదు. ఆ పని నేర్చుకోవాలంటే ఏం చదవాలి, ఎక్కడ చదవాలి అన్న ప్రశ్నకు జవాబు కొంత ఈ నేల మీదే దొరుకుతుంది, కొంత సముద్రం దాటాక దొరుకుతుంది.

చెన్నై నుంచి తిరుపతి పోయే రోడ్డు మీద, తిరువళ్లూరు దాటి తిరుత్తణి వైపు పోతుంటే పాండూరు తగులుతుంది. ఇందిరా మెడికల్ కాలేజీ, ప్రియదర్శిని డెంటల్ కాలేజీ, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఈ ఊరి పేరునే చిరునామాగా పెట్టుకున్నాయి. ఇదే రోడ్డున ముందుకు పోతే వచ్చే తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగాదా మీద వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజున మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు జరిగింది గానీ ఇళ్లలో మాట్లాడే తెలుగు జరగలేదు. తిరుత్తణి తర్వాత నగరి, ఆ తర్వాత పుత్తూరు. కాలో చెయ్యో విరిగి చెన్నై నుంచి పుత్తూరు కట్టుకు బయలుదేరిన కారు పాండూరు మెడికల్ కాలేజీ గేటు మీదుగానే పోతుంది. పట్టా ఉన్న వైద్యాన్ని దాటుకుని పట్టా అడగని వైద్యం దగ్గరికి జనం ఎందుకు పోతారన్నది ఈ రోడ్డు మీద తిరిగేవారికి కొత్త ప్రశ్న కాదు. ఖర్చు ఒక కారణం, ఆపరేషన్ భయం ఒక కారణం, తాత కాలం నాటి నమ్మకం ఇంకో కారణం.

పుత్తూరు పక్కన రాచపాళెంలో ఈ కట్టు కట్టేది ఒక రాజుల కుటుంబం. వేటలో దొరికిన కుందేలు కాళ్లు విరిచి ఆకులతో చుడితే తెల్లారేసరికి ఎముక అతుక్కుందనీ, కేశవరాజు అనే పూర్వీకుడు అలా మూలిక కనిపెట్టాడనీ కథ చెప్పుకుంటారు. ఆరంభం 1881 అంటారు. కథ మాటెలా ఉన్నా, చేతి పని మాత్రం చూడదగ్గది. ఈ వ్యాసకర్త వెళ్లిన రోజున బెంచీల మీద కూర్చున్నవారిలో చాలామంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు ఉన్నాయి. కట్టేవారు ఫిల్ము ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెడతారు. ఆ తర్వాత పనంతా వేళ్లదే. వాపు మీదుగా మెల్లగా తడిమి, విరిగిన చోటు తెలియగానే ఒకరు పైన పట్టుకుంటే ఇంకొకరు కింద లాగుతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు చుట్టూ పేర్చి గుడ్డతో బిగిస్తారు. మాట తెలుగూ తమిళమూ కలగలుపు. నొప్పి ఎక్కడో రోగి చెప్పే లోపే వేలు అక్కడికి చేరుతుంది.

ఇది కైరోప్రాక్టిక్ కాదు. విరిగినదాన్ని కట్టడం ఒక విద్య, విరగకుండానే పట్టేసిన కీలును కదిలించడం మరొకటి. అయితే రెండింటి మూలాలూ ఎముకలు కట్టేవారి చేతి పనిలోనే ఉన్నాయంటారు. యూరప్‌లోనూ ఎముకలు కట్టే కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. వేల్స్‌లోని ఆంగిల్సీ దీవి నుంచి లివర్‌పూల్ వచ్చి స్థిరపడిన ఎవాన్ థామస్ అలాంటివాడు. పట్టా లేదని వైద్యులు పెట్టే పోరు పడలేక తన అయిదుగురు కొడుకులనూ వైద్యం చదివించాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) తొడ ఎముక విరిగితే వాడే థామస్ స్ప్లింటును తయారుచేశాడు. ఆర్థోపెడిక్స్ వార్డుల్లో ఆ పేరు ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది. నాటు కట్టు కుటుంబంలోంచి ఎముకల శాస్త్రం పుట్టిందని చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

కైరోప్రాక్టిక్ దారి వేరు. 1895 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్టులో డి.డి. పామర్ అనే అయస్కాంత వైద్యుడు, వినికిడి తగ్గిన హార్వీ లిల్లార్డ్ అనే పనివాడి వెన్నుపూసను నెట్టి చెవులు వినిపించేలా చేశానని ప్రకటించుకున్నాడు. వెన్నుపూసకూ చెవి నరానికీ సంబంధం ఏమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. రెండేళ్లకే ఆయన బడి తెరిచాడు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 1906లో జైలుకు పోయాడు. లైసెన్సు చట్టం చేసిన మొదటి రాష్ట్రం కాన్సస్, 1913లో. చివరిది లూసియానా, 1974లో. కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయవద్దని తన సభ్యులను కట్టడి చేసిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీద చెస్టర్ విల్క్, మరికొందరు 1976లో దావా వేశారు. అది వెలివేతేనని 1987లో కోర్టు తేల్చింది. దాదాపు జబ్బులన్నీ వెన్నెముకలోనే పుడతాయన్న పామర్ సిద్ధాంతాన్ని ఆ వృత్తిలోనే చాలామంది ఇవాళ వదిలేశారు. నడుము నొప్పికి ఈ వైద్యం ఓ మోస్తరు మేలు చేస్తుందన్న సాక్ష్యం మాత్రం నిలబడింది. మిగతా జబ్బుల మీద చేసే ప్రచారాన్ని నమ్మనక్కర్లేదు.

అమెరికాలో డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ చదవాలంటే ముందు కాలేజీలో సుమారు మూడేళ్ల చదువు, అంటే 90 క్రెడిట్లు ఉండాలి. ఆ తర్వాత నాలుగు విద్యా సంవత్సరాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వేసిన మార్గదర్శకాల ప్రకారం పూర్తి శిక్షణకు కనీసం 4,200 గంటలు కావాలి, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడాలి. మొదటి రెండేళ్లు శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, వ్యాధి శాస్త్రం. తర్వాత ఎక్స్‌రే చదవడం, నరాల పరీక్ష, చేతి మెళకువలు, ఆపైన క్లినిక్. జాతీయ బోర్డు పరీక్ష నాలుగు భాగాలుగా ఉంటుంది. అది గట్టెక్కినా రాష్ట్రం లైసెన్సు వేరే తీసుకోవాలి.

చేతి మెళకువల క్లాసు రాచపాళెంలో జరిగే పనికి దగ్గరి చుట్టం. విద్యార్థి తోటి విద్యార్థి వీపు మీద వెన్నుపూసలను వేలితో లెక్కపెట్టడం నేర్చుకుంటాడు. తల వంచితే మెడ కింద ఉబ్బెత్తుగా తగిలేది ఏడో మెడ పూస. భుజం ఫలక కింది కొనకు సూటిగా ఉండేది ఏడో ఛాతీ పూస. రెండు తుంటి ఎముకల పైఅంచులను కలుపుతూ గీత గీస్తే అది నాలుగో నడుము పూస దగ్గర పడుతుంది. ఈ గుర్తులు పట్టుకుని కీలును అది పోగలిగినంత దూరం తీసుకుపోయి, అక్కడి నుంచి చిన్న, వేగమైన తోపు ఒకటి ఇవ్వాలి. బలం కన్నా వేగం ముఖ్యం, వేగం కన్నా ఎక్కడ ఆగాలో తెలియడం ముఖ్యం. అప్పుడు వచ్చే టక్కుమన్న చప్పుడు ఎముకది కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టినప్పుడు వచ్చేది, మెటికలు విరిచినప్పుడు వినిపించేదే. చప్పుడు వచ్చినంత మాత్రాన వైద్యం జరిగినట్టు కాదు.

అసలు ఆ వేల గంటల్లో ఎక్కువ భాగం పోయేది నెట్టడం నేర్చుకోవడానికి కాదు, ఎవరిని నెట్టకూడదో తెలుసుకోవడానికి. ఎముకలు గుల్లబారిన ముసలమ్మ, క్యాన్సర్ వెన్నుకు పాకిన మనిషి, నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పి కూర్చునే చోట స్పర్శ పోయినవాడు ఈ జాబితాలో ముందుంటారు. మన దేశంలో వెన్నెముక క్షయను ఇందులో తప్పక చేర్చాలి. సాయంత్రం జ్వరం, తగ్గే బరువు, రాత్రి నొప్పి ఉంటే బల్ల మీద పడుకోబెట్టడానికి ముందే ఆసుపత్రికి పంపాలి. మెడను గట్టిగా తిప్పినప్పుడు మెదడుకు పోయే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే తిరుగు లేకపోవచ్చు. క్షవరం అయ్యాక సరదాగా మెడ విరిచే అలవాటును ఈ దృష్టితో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. నాటు కట్ల విషయంలోనూ చేతి నేర్పును ఎవరూ శంకించరు. అయినా బిగించిన కట్టు కింద రక్తం ఆడక అవయవం కుళ్లిన ఉదంతాలు మన దేశం నుంచీ నైజీరియా నుంచీ వైద్య పత్రికల్లో వచ్చాయి. ఏ కట్టు విప్పాలో, ఏ రోగిని వెనక్కి పంపాలో తేల్చడం దగ్గరే వేళ్ల అనుభవానికి పుస్తకం తోడు కావాలి.

పాండూరు ప్రాంతంలో ప్లస్ టూ ముగించిన విద్యార్థికి ఈ పనికి దగ్గరగా పోయే దారులు కొన్ని ఉన్నాయి. మొదటిది ఫిజియోథెరపీ. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూలులో దానికి విడిగా వర్గమే ఉంది, కీళ్లను చేత్తో కదిలించే పద్ధతులు అందులో భాగం. రెండోది సిద్ధ వైద్య డిగ్రీ. అందులో వర్మం అనే మర్మస్థానాల విద్య పాఠ్యాంశం, తమిళనాడులో దానికి ఆదరణ ఎక్కువ. ఎంబీబీఎస్ చదివి ఆర్థోపెడిక్స్‌కు పోవడం అన్నిటికన్నా పొడుగు దారి. అచ్చంగా కైరోప్రాక్టిక్కే కావాలనుకుంటే అన్నిటికన్నా దగ్గరిది కౌలాలంపూర్. అక్కడి ఇంటర్నేషనల్ మెడికల్ యూనివర్సిటీ 2010లో ఈ డిగ్రీ మొదలుపెట్టింది. ఆగ్నేయాసియాలో అదే తొలిది. మలేసియా 2016లో చేసిన సంప్రదాయ, అనుబంధ వైద్య చట్టంలో ఈ వృత్తికి చోటిచ్చింది కాబట్టి చదివినవారికి అక్కడ పేరు నమోదు చేయించుకునే వీలుంది.

చదువు ముగించుకుని ఈ రోడ్డుకే తిరిగొచ్చి బోర్డు పెట్టాలనుకునేవారి సంగతి వేరు. నమోదు చేసుకోవడానికి ఇక్కడ కైరోప్రాక్టర్ల రిజిస్టరు లేదు. చట్టం ముందు నిలిచే గుర్తింపు ఫిజియోథెరపిస్టుగానో, సిద్ధ వైద్యుడిగానో, ఎంబీబీఎస్ డాక్టరుగానో రావాల్సిందే. విదేశీ డిగ్రీ దాని పక్కన అదనపు అర్హతగా ఉంటుంది. అందుకే తెలిసినవారు ముందు ఫిజియోథెరపీ పూర్తిచేసి, పైచదువుగా కైరోప్రాక్టిక్‌కు వెళ్లమంటారు.