చిన్న పట్టుముక్క, నలభై ఏళ్లు

ఫూజీ పర్వతం చూడ్డానికి కవగుచికో వెళ్లేవాళ్లలో చాలామంది సరస్సు దగ్గర సెల్ఫీ దిగి తిరుగు బస్సెక్కేస్తారు. మీరు వెళ్తే మాత్రం ఇంకో రెండు గంటలు ఆగండి. ఉత్తరపు ఒడ్డున, చెట్ల మధ్య ఇచ్చికు కుబోతా మ్యూజియం ఉంది. 1994లో తెరిచారు. టోక్యోలోని షింజుకు నుంచి కవగుచికోకి బస్సులో సుమారు రెండు గంటలు. స్టేషన్ ముందు సరస్సు చుట్టూ తిరిగే బస్సు దొరుకుతుంది.

లోపల ఫొటోలు తీయనివ్వరు. ఫోన్ బ్యాగులో పెట్టేశాక కళ్లకి పని పడింది. వెయ్యేళ్ల నాటి చెట్ల 16 దూలాలతో కట్టిన పిరమిడ్ లాంటి కప్పు. దాని కింద చేతులు చాచి నిలబడ్డట్టు కిమోనోలు. మనిషి వేసుకునేవాటికన్నా పెద్దవి. ఒకదాని మీద మొదలైన కొండ పక్కదాని మీదకి పాకుతుంది. ఆకులు రాలే కాలపు ఎరుపు మెల్లగా చల్లబడి మంచు అవుతుంది. ఈ వరస పేరు 'సింఫనీ ఆఫ్ లైట్'.

కుబోతా 1917లో పుట్టారు. 14 ఏళ్లకే బట్టల మీద రంగులు వేసే పనిలో చేరారు. 20వ ఏట టోక్యోలోని ఒక మ్యూజియంలో పాత పట్టుముక్క ఒకటి కంటబడింది. దాని మీదిది 'త్సుజిగహానా' అద్దకం. 16వ శతాబ్దంలో వెలిగి, తర్వాత మాయమైపోయింది. ఎలా చేసేవారో నేర్పేవాళ్లే లేరు.

అంతలో యుద్ధం వచ్చింది. సైబీరియాలో ఖైదీగా ఉండి, 1948లో దేశానికి తిరిగొచ్చారు. అక్కడి సూర్యాస్తమయాలు తర్వాత ఆయన పట్టు మీదకి వచ్చాయి. బతుకుతెరువు చూసుకుంటూ, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు.

మన పోచంపల్లిలో నేయకముందే దారానికి ముడులేసి రంగు అద్దుతారు కదా. ఇక్కడ నేసిన పట్టునే గీత వెంబడి కుట్టి, లాగి, ముడేసి, రంగు వేసి, విప్పి, మళ్లీ ముడేస్తారు. పాతకాలపు పట్టు దొరకదు కాబట్టి ఆయన ఇప్పటి పట్టు, ఇప్పటి రంగులు తీసుకున్నారు. అందుకే అది నకలు కాలేదు. 'ఇచ్చికు త్సుజిగహానా' అని సొంత పేరు తెచ్చుకుంది. తొలి ప్రదర్శన 1977లో పెట్టారు. అప్పటికి ఆయనకి 60.

పాతికేళ్లు దాటగానే 'ఇంక లేటైపోయింది' అనుకునే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ అంకె దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

సింఫనీకి 80 కిమోనోలు చేయాలనుకున్నారు. 2003లో కన్నుమూసేనాటికి అది పూర్తి కాలేదు. అయినా ఆ వరస ముందు నిలబడితే ఏదో తక్కువైందని అనిపించదు. అరవైలో మొదలుపెట్టినాయన ఎనభై కిమోనోల పని తలకెత్తుకున్నాడే అనిపిస్తుంది.