రొప్పుచున్న యంత్రము

బెంగుళూరు చల్లని ఊరని, హిందూపురము, మదనపల్లె ప్రాంతముల నుండి ఇచటికి వచ్చి స్థిరపడిన మన పెద్దలు చెప్పుకొనెడివారు. సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్న పట్టణమగుటచేత ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని 2016 ఏప్రిల్ నెలలో ఈ ఊరనే 39.2 డిగ్రీల ఎండ కాసినది. గదిలోని గాలి వేడెక్కినకొలది ఆ గాలితోనే చల్లబడవలసిన యంత్రమును వేడెక్కును. ఈ చిన్న సత్యమును మేము ఒక పాటను పోగొట్టుకొని నేర్చుకొంటిమి.

మొన్నటి వేసవిలో మా మేనత్త హిందూపురము నుండి వచ్చి మా ఇంట నెల దినములుండిరి. ఆమెకు 84 ఏండ్లు. తిరగలి పాటలు, అప్పగింతల పాటలు ఎరిగినవారు మా వంశమున ఆమె తప్ప వేరొకరు లేరు. మా పిల్లలు బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురే గాని ఈ పాటలు వారి చెవిని పడలేదు. కనుక ఆమె కంఠమును రికార్డు చేసి దాచవలెనని సంకల్పించితిమి.

ఇంటనున్నది ఎనిమిదేండ్ల నాటి లాప్‌టాప్. పాత యంత్రములకు తేలికగా నుండునని దానిలో లినక్స్ వేసికొంటిమి. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఆ వ్యవస్థలో యంత్రపు లోగుట్టు చాలవరకు మనకు కనబడును. మార్చుకొనుటకును వీలు కలదు. ఆ వీలే మా కొంప ముంచినది.

అత్త పాడునప్పుడెల్ల లాప్‌టాప్ లోపలి ఫ్యాను రొద పాటలో కలిసిపోవుచుండెను. మేము ఫ్యాన్‌కంట్రోల్ అను ప్రోగ్రాము సహాయమున దాని వేగమును తగ్గించితిమి. గది నిశ్శబ్దమయ్యెను. మా తెలివికి మేమే మురిసితిమి. మూడవనాడు అప్పగింతల పాట నడుమ తెర నల్లబడి యంత్రము ఆగిపోయెను. మరల వెలిగించి చూడగా, అంతవరకు పాడిన పాటగల ఫైలు తెరువ రాలేదు. ముట్టి చూడగా లాప్‌టాప్ అడుగుభాగము పెనమువలె నుండెను. మేము చేసిన నిర్వాకమును విని అత్త ఒక్క మాట అనిరి: “ఎద్దు రొప్పుతా ఉంటే మూతికి చిక్కం కడతావా నాయనా? బండి బరువు దించాల గానీ!”

ఆ మాటనే దారిగా పట్టుకొని లోపమును వెదకితిమి. మొదట వేడిని కొలిచితిమి. లినక్స్ డిగ్రీలో వెయ్యవ వంతులుగా వేడిని వ్రాసి పెట్టును. 97000 అని యున్నచో 97 డిగ్రీలని అర్థము. ఎల్‌ఎమ్-సెన్సార్స్ అను ప్రోగ్రాము దానిని మనకు తెలియు అంకెలలో చూపును. పాత లాగ్ తెరువగా, వేడి హద్దు మీరినందున వ్యవస్థ తనంతట తానే ఆగినట్లు వ్రాసి యుండెను. అనగా యంత్రము చెడలేదు, ప్రాణము కాపాడుకొన్నది.

పిమ్మట బరువెక్కడిదో చూచితిమి. ప్రాసెసర్‌ను ఏ పని ఎంత వాడుచున్నదో టాప్ అను ఆజ్ఞ చూపును. పాట రికార్డు చేయుటకు పట్టెడి శక్తి స్వల్పమే. మేము ఆ వారమే ఎక్కించిన పాత తెలుగు పుస్తకముల స్కానింగు పుటలను, వెదకుటకు వీలుగా పట్టిక కట్టు ప్రోగ్రామొకటి తెరవెనుక నిరంతరము చదువుచుండెను. దానిని ఆపగనే వేడి తగ్గుముఖము పట్టినది.

మూడవది మా స్వంత తప్పు. మా యంత్రములో ఫ్యానుకిచ్చు శక్తిని 0 మొదలు 255 వరకు అంకెలలో చెప్పవలెను. తిరుగుచున్న ఫ్యానును తిరుగుచుండునట్లు చేయుటకు చాలిన శక్తి, ఆగిన ఫ్యానును కదల్చుటకు చాలదు. నిలిచిన బండిని కదల్చునప్పుడు ఎద్దులు ఎక్కువ బలము పెట్టవా? ఈ రెంటికి వేరువేరు అంకెలు వ్రాయవలసి యుండగా మేము రెంటను చిన్న అంకెనే వ్రాసితిమి. కనుక ఒకమారు ఆగిన ఫ్యాను మరల లేవలేదు. మేము మెచ్చుకొన్న నిశ్శబ్దమునకు కారణమిదియే. మా వ్రాతను తీసివేసి, ఫ్యాను అధికారమును యంత్రపు బోర్డులోని నియంత్రకమునకే తిరిగి అప్పగించితిమి. చాల లాప్‌టాప్‌లలో ఆ అధికారమును అది ఇతరులకు ఈయనే ఈయదు. అది మంచిదే యనిపించినది.

అయినను వేడి పూర్తిగా దిగలేదు. ఎస్.పి. రోడ్డున ఒక చిన్న దుకాణమునకు తీసికొనిపోతిమి. పనివాడు తన కన్నడమున “బిసి, బిసి” యనుచు మూత విప్పి, మొదట బ్యాటరీ తీగను ఊడదీసెను. ఫ్యానుకును, వేడిని బయటికి పంపు సన్నని రేకులకును నడుమ ధూళి కంబళివలె పేరుకొని యుండెను. “గాలి ఇల్ల” అని చూపెను. గాలి అను మాట అతనికిని మాకును ఒకటియే గదా! ఫ్యాను రెక్కలను కదలకుండ వ్రేలితో పట్టి ధూళి నూదెను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన లేపనమును తుడిచి క్రొత్తది పూసెను. ప్రాసెసర్‌కును దాని వేడిని గ్రహించు లోహమునకును నడుమ గాలి చొరకుండ చేయుటయే ఆ లేపనము పని. ఇంటికి వచ్చి అదే పనిని పెట్టి కొలువగా 97 డిగ్రీలు 74 అయ్యెను. నాటినుండి దానిని పరుపు మీద గాక చెక్కబల్ల మీదనే ఉంచుచున్నాము.

ఇక ఫ్యాను రొద మాటేమి? పొడవైన తీగ కొని, మైకును అత్త చెంతను, లాప్‌టాప్‌ను ప్రక్క గదిలోను ఉంచితిమి. ఇంత సులువైన ఉపాయము మొదటనే తోచలేదు.

ఆమె ఊరికి పోవు ముందు అప్పగింతల పాట మరల పాడిరి. పాట చక్కగా వచ్చినది. కాని మొదటిసారి పాడిన చరణమొకటి ఆమెకు ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాలేదు. “పోనీలే, మల్లా వస్తే పాడతా” ననిరి. ఆ చరణము మాకింకను లభింపలేదు.

మన ఇండ్లలో పాటలు, జాబులు, పెద్దల కంఠములు నేడు ఇట్టి యంత్రములలోనే చేరుచున్నవి. చదువరులకు మా విన్నపము రెండు మాటలే. దాచదగిన దానిని ఒకచోటనే దాచకుడు. యంత్రము రొప్పినపుడు నోరు మూయింపక, దాని బరువెక్కడనో వెదకి దింపుడు.