ఆముదాల ఎంజైమూ.. ఓ ఉచిత సలహా

మన ఐటీ వాళ్ళకి ఓ అలవాటుంది. ఊళ్ళో ఎవరి పిల్లలు ఏం చదువుతున్నా సరే, "ఏదో ఒక కోర్సు చేసి సాఫ్ట్‌వేర్లోకి వచ్చేయమనండి" అని ఓ ఉచిత సలహా పడేస్తాం. పోయిన నెల ఆ సలహా కోసమే మా మేనమామ నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన కూతురు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకుంది. పీహెచ్‌డీలో చేరతానంటోంది. విషయం: అయానిక్ లిక్విడ్ మైక్రోఎమల్షన్లలో లైపేజ్ అనే ఎంజైమ్ ఎలా పనిచేస్తుందీ అని. మామ మాటల్లో, "సబ్బునీళ్ళల్ల ఏందో ఏసుకుంట అయిదేండ్లు కూసుంటదంట! నువ్వన్న జెర చెప్పు అల్లుడా."

చెప్పేముందు అదేంటో తెలుసుకుందామని ఆ అమ్మాయినే అడిగా. నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి..

లైపేజ్ పని నూనెల్ని, కొవ్వుల్ని విడగొట్టడం. చిక్కేంటంటే దానికి నీళ్ళు కావాలి, అది విడగొట్టాల్సిన నూనెలేమో నీళ్ళలో కలవవు. అయానిక్ లిక్విడ్ అంటే 100 డిగ్రీల లోపే ద్రవంగా ఉండే ఉప్పు. పెట్రోలులా ఆవిరైపోదు. కానీ ఎంజైమ్‌ని నేరుగా అందులో వేస్తే చాలాసార్లు కరగదు, లేదా పనిచేయడం మానేస్తుంది. అందుకని సబ్బులాంటి పదార్థం కలిపి, ఆ ద్రవంలో నానోమీటర్ల సైజు నీటిబొట్లు తయారుచేసి, ఎంజైమ్‌ని వాటిలో కూర్చోబెడతారు. మన భాషలో కంటైనర్లో పెట్టి రన్ చేయడమన్నమాట :) బొట్టులో నీళ్ళు ఎన్నుండాలో కూడా లెక్కే. తక్కువైతే ఎంజైమ్ బిగుసుకుపోతుంది, మరీ ఎక్కువైనా జోరు తగ్గొచ్చు. 2008లో జపాన్‌లోని క్యూషూ యూనివర్సిటీ వాళ్ళు ఇలా చేసి చూస్తే, ఐసోఆక్టేన్‌లో కన్నా లైపేజ్ చురుగ్గా పనిచేసింది.

"మనూరికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు మామ. ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా (2016 అక్టోబర్లో విడిపోయిన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అందులోవే) ఆముదాలకి పేరు. ఆ గింజలోనే లైపేజ్ ఉంది! 1902లోనే జర్మనీ వాళ్ళు ఆముదపు గింజల్ని నూరి కొవ్వులు విడగొట్టే పద్ధతి చెప్పారు. మన అమ్మమ్మలు ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి నూనె తీసేవాళ్ళు కదా.. ఆ వేడికి లైపేజ్ పని ఆగిపోతుంది, గింజలోని రిసిన్ అనే విషమూ విరిగిపోతుంది. వాళ్ళకి ఎంజైమ్ పేరు తెలీదు, పని తెలుసు. అంతెందుకు, ఆముదం నుంచి చేసిన సబ్బులాంటి పదార్థాలతోనే మందుల కంపెనీలు మైక్రోఎమల్షన్లు తయారుచేస్తాయి. మనమేమో గింజలు బస్తాల్లో అమ్మేస్తాం. దానిమీద సరుకు చేసే ఫ్యాక్టరీలు ఎక్కువగా గుజరాత్‌లో ఉన్నాయి.

అలాగని ఈ పరిశోధనతో రేపే ఫ్యాక్టరీలు వస్తాయని నేననను. అయానిక్ లిక్విడ్లు ఖరీదు. "గ్రీన్" అని పేరుపెట్టినవాటిలో కొన్ని నీళ్ళతో విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషం వదుల్తాయి. అయిదేళ్ళ పని చివరికి ఓ థీసిస్‌గా అలమారాలో మిగిలిపోవచ్చు కూడా. ఆ సంగతి మనకన్నా ఆ అమ్మాయికే బాగా తెలుసు.

మామకి నేను డబ్బు లెక్కే చెప్పా. 2023 నుంచి జేఆర్ఎఫ్ మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000. కొత్తగా సాఫ్ట్‌వేర్లో చేరే చాలామందికి చేతికొచ్చేది ఇంతకన్నా ఎక్కువేం కాదు. "మరి పెండ్లి?" అన్నాడు. అయిదేళ్ళు టెస్టింగ్ చేసినా అదే ప్రశ్న వస్తుంది కదా మామా అన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఊళ్ళో మన మాటకి ఇవాళ కొంచెం బరువుంది, జీతం వల్ల వచ్చిన బరువే అనుకోండి. ఆ బరువు తీసుకెళ్ళి కష్టపడి సీటు తెచ్చుకున్న అమ్మాయి నెత్తిన పెట్టడం మాత్రం న్యాయం కాదు. మీకూ ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. సలహా ఇచ్చేముందు ఒక్కసారి ఆ పిల్లతో మాట్లాడండి, ఏం చదువుతుందో అడగండి. అరగంట పడుతుంది, అంతే.