పేరు పక్కన చుక్క

మా బోనకల్‌లో మా చుట్టాలందరి ఇంటిపేరూ షేకే. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. బ్యాంకు పుస్తకంలోనైతే 'ఎస్‌కె' అని రాసి పక్కన ఓ చుక్క. ఆ చుక్కే నాకు సబక్ నేర్పింది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. కోడ్ రాసేది వేరేవాళ్లు. అది జనంలోకి పోవచ్చా లేదా అని చెప్పే జిమ్మేదారీ మాది. చిన్న అప్పులిచ్చే యాప్ ఒకటి తయారైంది. రిలీజ్ ముందురోజు రాత్రికి ఇంకా నలభై బగ్గులున్నాయి. అన్నీ తీరాకే వదులుదామంటే ఏ సాఫ్ట్‌వేరూ ఖయామత్ దాకా బయటికి రాదు. అందుకే ఒక్కోదాన్నీ తూకం వేస్తాం. ఎంతమందికి తగులుతుంది? తగిలితే ఎంత నుక్సాన్? వెనక్కి తీసుకునే దారుందా? పేరులో చుక్క ఉంటే ఫారం ముందుకు కదలట్లేదు. దాన్ని 'మైనర్' కింద రాసింది నేనే. పేరులో చుక్క ఎవరు పెడతార్లే అనుకున్నా, షేక్‌నై ఉండి!

వారం తిరక్కుండానే ఖాలా ఫోన్ చేసింది. "బేటా, మీ యాప్ నా పేరే గలత్ అంటోందిరా."

రంజాన్ బట్టలు కుట్టే సీజన్. మిషన్ కొనాలి. మూడు రోజులు చూసి, నూటికి ఐదు వడ్డీకి బయట తెచ్చుకుంది. బగ్ సరిచేయడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఆ బాకీ తీరడానికి ఆమెకు ఏడు నెలలు. నేను కడతానంటే ఒప్పుకోలేదు, ఇజ్జత్ అడ్డొచ్చింది.

సర్కారు పనులైనా అంతే. ధరణి 2020 అక్టోబర్ 29న రాష్ట్రమంతటికీ ఒకేసారి మొదలైంది, తప్పులు దిద్దుకునే మాడ్యూళ్లు చాలావరకు తర్వాత వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో భూభారతిని మాత్రం ముందు నాలుగు మండలాల్లో పైలట్‌గా పెట్టారు. అందులో మన జిల్లా నేలకొండపల్లి ఒకటి. నాకు ఈ తరీఖానే నచ్చింది. అబ్బాతో అంటే, "అంటే ఆ నాలుగు మండలాలోళ్లు ముందు దెబ్బలు తినాలన్నమాట" అన్నారు. ఆ సవాల్‌కి నా దగ్గర జవాబ్ లేదు.

మొన్న మళ్లీ రిలీజ్ మీటింగ్. "రెడీనా?" అన్నాడు మేనేజర్. పాత ఫోన్లలో తెలుగు ఒత్తులు విరిగిపోతున్నాయి, అప్పు షరతులు చదవడానికి రావట్లేదు. "రెండు రోజులు ఆపుదాం" అన్నాను. "ఎంతమంది వాడతారు ఆ ఫోన్లు?" అన్నాడు.

ఖాలా ఫోన్ గుర్తొచ్చింది. తెర పగిలి, రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది.

"మా ఇంట్లోనే ముగ్గురు" అన్నాను.