తెర చూపని శ్రమ

తెర మీద ఈనాడు కనిపించిన పోరు రేపు పిల్లల ఆటలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి మదరసాలో బోధిస్తున్న మాకు ఇది కొత్త కాదు. తొంభైలలో కేబుల్ టీవీ ఇళ్లలోకి వచ్చినప్పుడు మా విద్యార్థులు విరామవేళ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ మల్లులను అనుకరిస్తూ ఒకరినొకరు ఎత్తి పడవేసేవారు. ఆ పోటీల ఫలితం ముందే నిర్ణయమై ఉంటుందంటే నమ్మేవారు కారు. తాలీంఖానా మట్టిలో ఉస్తాద్ ఎదుట ఓపికగా కుస్తీ నేర్చేవారి వైపు మాత్రం వారి చూపు పోలేదు.

2022 మేలో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. టీవీలో అది చూసిన ముగ్గురు బాలికలు “మేమూ నేర్చుకోవచ్చా, హజ్రత్?” అని అడిగారు. తల్లిదండ్రులు మా ముఖం వంక చూశారు. “నేర్పించండి. అయితే ముందుగా శిక్షణ జరిగే చోటును, నేర్పేవారిని మీరే స్వయంగా చూసి రండి” అన్నాము.

తెర చూపేది మూడు రౌండ్ల పోరును, మెడలోని పతకాన్ని. 2017లో భుజం గాయపడి, శస్త్రచికిత్స తరువాత ఆమె మళ్లీ మొదలుపెట్టిన సాధనను ఎందరు చూశారు? ఆ ముగ్గురిలో నేడు ఒక్కతే శిక్షణకు వెళుతోంది. ఫజ్ర్ నమాజు కాగానే తండ్రి ఆమెను సైకిలుపై దిగబెట్టి వస్తాడు. కోరికను టీవీ పుట్టించగలదు. దానిని నిలబెట్టవలసింది ఇల్లే.