తెర వెనక సత్యభామ

2023 జనవరి 27న జమున పోయిందని టీవీలో చెప్పారు. రోజంతా ఒకటే సీను తిప్పి తిప్పి చూపించారు. అలిగిన సత్యభామ, బతిమాలుకోవడానికి కాళ్ళ దగ్గరికొచ్చిన కృష్ణుడి తలని కాలితో తన్నే సీను. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’. కృష్ణుడు ఎన్టీ రామారావు. మా జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ నుంచి ఆయన పేరు పెట్టిన జిల్లాలోనే ఉన్నాయి. అందరికీ అది సినిమా సీను. నాకు మాత్రం నలభై ఎనిమిదేళ్ళ నాటి పుండు.

మాది నందిగామ దాపున ఒక మాదిగ్గూడెం. అమ్మ మిరపకాయ కోతలకీ పత్తి తీతలకీ కూలికి పోయేది. కాయలు కోసిన చేతులు రాత్రంతా మండేవి. ఆ చేతులతోనే పైసలు కొంగున ముడేసుకుని జగ్గయ్యపేటలో సినిమాకీ, పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళలో నాటకానికీ నన్ను తీసుకుపోయేది. మాది ఎప్పుడూ నేల టిక్కెట్టే. ‘తులాభారం’ రెండుసార్లు చూశాం. అమ్మకి మాత్రం సత్యభామ కంటే 1964 నాటి ‘మూగమనసులు’లో గౌరి అంటే ప్రాణం. “ఆ పిల్ల అట్టా నిలబడి మాట్టాడతా ఉంటే మన గూడెం పిల్లే అనిపిచ్చుద్దే” అనేది. కాసేపాగి, “మన పిల్లయితే నిలబడనిస్తారా?” అనేది.

జమున హంపిలో పుట్టింది, 1936లో. పెరిగింది దుగ్గిరాలలో. సినిమా కంటే ముందు ఆమెది నాటకం. ‘మా భూమి’ నాటకంలో ఆమె వేషం చూసి ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు తన ‘పుట్టిల్లు’లో కథానాయికగా తీసుకున్నాడు. ఆ సినిమా 1953లో వచ్చింది. ‘మా భూమి’ రాసింది సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. నైజాంలో దొరల మీద తిరగబడ్డ జనం కథ. ఆ నైజాం మాకు దూరమేం కాదు. ఆ రోజుల్లో జగ్గయ్యపేట దాటితే నైజామే. చుట్టూ నైజాం ఉన్న మునగాల పరగణా మా నందిగామ తాలూకాలోదే. నేల కోసం జరిగిన కొట్లాటని ఆడిన స్టేజీ మీంచి ఆమె తెర మీదికి పోయింది. అందుకే ఆమె నాకు పరాయిదనిపించదు.

‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు పెద్ద హీరోలు కొన్నేళ్ళపాటు ఆమె పక్కన నటించలేదు. ఆమె తల వంచలేదు. వేరే వాళ్ళతో నటించుకుంది. 1962లో ‘గుండమ్మ కథ’లో ఆ ఇద్దరూ మళ్ళీ ఆమెతో నటించారు. ‘మూగమనసులు’ని హిందీలో ‘మిలన్’గా తీస్తే, 1967లో వచ్చిన ఆ సినిమాలో అదే గౌరి వేషానికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకి గెలిచింది. రాణి వేషం కట్టింది, పల్లెపిల్ల వేషం కట్టింది, మళ్ళీ రాణి అయింది. ఎవరూ అడ్డం రాలేదు.

నాకు అడ్డం వచ్చారు. అది 1975. నేను తొమ్మిదో తరగతి. బడి పేరు చెప్పను. వార్షికోత్సవానికి తులాభారం సీను వెయ్యాలనుకున్నారు. డైలాగులన్నీ నాకు నోటికొచ్చు. మాస్టారు చెప్పించుకుని విని నన్నే సత్యభామ అన్నాడు. మూడు రోజులు రిహార్సల్ చేశాను. కృష్ణుడు వేసేది ఊళ్ళో మోతుబరి కొడుకు. నాలుగో రోజు మాస్టారు నన్ను పక్కకి పిలిచాడు.

“తన్నే దగ్గర ఇబ్బందొచ్చుద్దమ్మాయ్. ఆ పిల్లోడి తల మీద నీ కాలా? వాళ్ళు ఊరుకుంటారా?”

“తగలకుండా తన్నుతానండీ” అన్నాను.

అట్టా అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే. ఆయన నవ్వి, చెలికత్తె వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను.

సత్యభామ వేషం ఊళ్ళో పిల్లకి ఇచ్చారు. ఆ పిల్లకి డైలాగులు రాలేదు. అందుకని నన్నే తెర వెనక నిలబెట్టి ప్రాంప్టింగు చెప్పమన్నారు. చెప్పాను. నేనందించిన ప్రతి మాటా ఆ పిల్ల పలికింది. నా మాటకి అంటు లేదు, నా కాలికే ఉంది. ఆ పిల్ల తన్నింది. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ ఎడంగా, మా వాళ్ళు కూచున్న కాడ కూచుని చూసింది. ఇంటికొచ్చాక, “నీ గొంతు ఇనపడిందే” అంది. ఇంకేమీ అనలేదు.

పెద్దయ్యాక చదువుకుంటే మరికొన్ని తెలిశాయి. 1938లో ‘మాలపిల్ల’ తీస్తే మాలపిల్ల వేషం కాంచనమాల వేసింది. మలయాళంలో మూకీల కాలంలో ‘విగతకుమారన్’ తీశారు. అందులో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయరు స్త్రీ వేషం వేసింది. అది సహించలేక పై కులాల వాళ్ళు దాడి చేస్తే ఆమె ఊరొదిలి పారిపోయింది. మళ్ళీ తెర మీద కనపడలేదు. జమునని దూరం పెట్టినవాళ్ళు రాజీకొచ్చారు. రోజీని తరిమినవాళ్ళు రాలేదు. పై కులం వాళ్ళు మన వేషం కడితే గొప్ప నటన. మనం వాళ్ళ వేషం కడితే పొగరు. ఇందులో జమున తప్పేం లేదు. ఆమె నటనంటే నాకిప్పటికీ ఇష్టమే. వేషం మార్చుకునే హక్కు కొందరికే ఎందుకుందన్నదే నా ప్రశ్న.

నా సంగతి కూడా చెప్పాలి. నేనూ టీచర్నయ్యాను. ముప్పై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పాను. ఎన్నో వార్షికోత్సవాలు చేయించాను. ఆ సీను ఒక్కసారీ వేయించలేదు. గూడెం పిల్లకి సత్యభామ వేషమిచ్చి, ఆ పిల్ల కాలు మోతుబరి కొడుకు తలకి తగిలేట్టు నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు, ఇట్టా ఏవో చెప్పుకున్నాను. ఆ మాస్టారిని ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఆయన భయాన్నే నేనూ మోశాను.

ఇది చదివే మీరు నాటకాలు వేస్తారు, పాటలు కడతారు, దళాలు నడుపుతారు. వేషాలు పంచేటప్పుడు ఒక్కమాటు తెర వెనక్కి పోయి చూడండి. అక్కడ ప్రాంప్టింగు చెబుతా ఏ పిల్ల నిలబడి ఉందో కనుక్కోండి.